రిపోర్టు బాగుంది, భయం పోలేదు

(ఉప్పల్‌లో బస్తీ ఆరోగ్య కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



లైంగిక వ్యాధుల గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. అవి ఎలా వస్తాయి, ఎలా రావు అన్నది ఇక్కడున్న చాలామంది నాకంటే బాగా చెప్పగలరు. ఏళ్ళ తరబడి బస్తీల్లో చెబుతూనే ఉన్నారు. అందుకని నేను ఇంకో విషయం ఎంచుకున్నాను. పరీక్ష చేయించుకుని, వ్యాధి లేదని కాగితం చేతికొచ్చాక కూడా భయం పోని స్త్రీల గురించి మాట్లాడతాను. ఉప్పల్, నాచారం బస్తీల్లో తిరుగుతుంటే ఇలాంటివాళ్ళు నాకు తరచుగా ఎదురవుతున్నారు. రిజిస్టర్లలో మాత్రం వీళ్ళు కనబడరు. "నెగెటివ్" అని రాసేశాక ఆ మనిషి లెక్కలోంచి పోతుంది.

ఇద్దరి సంగతి చెబుతాను. పేర్లు చెప్పను, ఆనవాళ్ళు కూడా మార్చాను.

మొదటామె నాచారం పారిశ్రామికవాడలో కుట్టుపని చేస్తుంది. ముప్పై అయిదేళ్ళుంటాయి. భర్త లారీ మీద పోతాడు, నెలలో సగం రోజులు ఇంట్లో ఉండడు. అతనికి వేరే ఊళ్ళో సంబంధం ఉందని తెలిసినప్పటి నుంచీ ఈమెకు నిద్ర లేదు. ఒక ఏడాదిలో అయిదుసార్లు హెచ్.ఐ.వి. పరీక్ష చేయించుకుంది. అయిదుసార్లూ లేదనే వచ్చింది. ప్రతిసారీ కొత్త లాబ్‌కే పోయింది, పాత లాబ్ వాళ్ళు ముఖం గుర్తుపడతారని. నాచారంలోనే ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి ఉంది గదా అంటే, కాంట్రాక్టు మీద పనిచేసేదానికి కార్డెక్కడిదని అడిగింది. చిట్టీ ఎత్తిన డబ్బులు రక్తపరీక్షలకే పోయాయి. "కాగితం మీద లేదనే రాసిన్రక్కా. నా పాణమే ఒప్పుకుంటలేదు" అంది.

రెండో అమ్మాయి ఉప్పల్‌లో హాస్టల్లో ఉండి ఉద్యోగం చేస్తుంది. పెళ్ళి కాలేదు. ఒకతనితో స్నేహం ఉండేది, విడిపోయి ఏడాదిన్నర దాటింది. ఆ తర్వాత ఎవరితోనూ సంబంధం లేదు. డాక్టరు చెప్పిన పరీక్షలన్నీ చేయించుకుంది, ఏదీ లేదు. అయినా రోజూ పొద్దున్నే అద్దంలో నాలుక చూసుకుంటుంది. మెడ దగ్గర గడ్డలేమైనా తేలాయా అని వత్తి వత్తి చూసుకుంటుంది. వత్తినందువల్ల నొప్పి పుడుతుంది. నొప్పి పుట్టింది గనక రోగం ఉందనుకుంటుంది. తెల్లబట్ట కాస్త ఎక్కువైతే ఆ రోజు పనికి పోదు. తన వల్ల మిగతా అమ్మాయిలకు అంటుకుంటుందేమోనని మంచినీళ్ళ గ్లాసు వేరుగా పెట్టుకుంది.

పైకి చూస్తే ఇద్దరిదీ ఒకటే భయం. ఇద్దరికీ "నీకేం లేదమ్మా, ధైర్యంగా ఉండు" అనే చెబుతారు. నా అభిప్రాయంలో ఇవి రెండు వేరు వేరు సమస్యలు. ఇద్దరికీ ఒకే మాట చెప్పి పంపితే ఇద్దరికీ అన్యాయమే.

మొదటామెను చూడండి. పరీక్ష చెప్పేది ఇవాళ్టి రక్తం గురించి, అదీ గడిచిపోయిన రోజుల సంగతి. వైరస్ శరీరంలోకి వచ్చాక అది పరీక్షలో బయటపడటానికి కొంత వ్యవధి కావాలి. లాబుల్లో చేసే కొత్త తరం పరీక్షకు 45 రోజులు, వేలి నుంచి రక్తం తీసి చేసే ర్యాపిడ్ పరీక్షకు 90 రోజులు గడిస్తే ఆ ఫలితాన్ని నమ్మవచ్చు. అయితే ఆమె భర్త వచ్చే వారం ఇంటికొస్తాడు. ఆమె లెక్క మళ్ళీ మొదటి రోజు నుంచి మొదలవుతుంది. అతను పరీక్ష చేయించుకోడు. కండోమ్ మాటెత్తితే "నన్ను అనుమానిస్తున్నవా, లేక నువ్వే ఎక్కడన్నా తిరుగుతున్నవా" అని ఎదురు నిలదీస్తాడు. వద్దనే హక్కు ఆమెకు చట్టంలోనే సరిగా లేదు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత కూడా పద్దెనిమిదేళ్ళు నిండిన భార్య మీద భర్త చేసే బలాత్కారాన్ని అత్యాచారంగా లెక్కించదు. 2005 నాటి గృహహింస చట్టం లైంగిక హింసను గృహహింసలో చేర్చింది, అది ఆమెకు కొంత ఆసరా. ఇటువంటి స్త్రీకి భయం ఉండటం జబ్బెలా అవుతుంది? ఆమె పరిస్థితిని ఆమె సరిగ్గానే అంచనా వేసుకుంది. ఆమెకు ఆరో పరీక్షతో పని లేదు. భర్తను పరీక్షకు తేవడం, అంతవరకూ కండోమ్ లేకుండా ఒప్పుకోకుండా ఉండగలిగే బలం, అది కుదరకపోతే ఎక్కడుండాలన్న ఆలోచన కావాలి. ఇది కౌన్సెలర్ ఒక్కతే చేసే పని కాదు, సంఘం చేయాలి.

2000ల మొదట్లో రాష్ట్రమంతటా పెట్టిన హోర్డింగులు మీలో పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటాయి. పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా అని ఊరూరా అడిగారు. జనం నవ్వుకున్నారు, జోకులు వేసుకున్నారు, పులిరాజా పేరైతే అందరి నోళ్ళలో నానింది. పులిరాజా ఇంటికి పోయాక భార్యకు ఏమవుతుందని అడిగిన హోర్డింగు నేను చూడలేదు. మనం మాట్లాడుకుంటున్నది ఆమె గురించే.

ఇప్పుడు రెండో అమ్మాయి. ఈమెకు ప్రమాదం అన్నది ఏడాదిన్నర కిందటే అయిపోయింది. వ్యవధి గడిచింది, పరీక్షలు అయినాయి. ఇక్కడ మిగిలింది భయమొక్కటే. ఈ భయానికి ఒక పద్ధతి ఉంది. పరీక్ష చేయించుకున్న రోజు మనసు తేలికవుతుంది. నాలుగు రోజులకు "శాంపిల్ మారిందేమో" అన్న ఆలోచన వస్తుంది. మళ్ళీ పరీక్ష, మళ్ళీ నాలుగు రోజుల నిమ్మది. ప్రతి పరీక్షా తర్వాతి పరీక్షకు దారి వేస్తుంది. పైగా భయమే లక్షణాలు పుట్టిస్తుంది. గుండెదడ, చెమటలు, విరేచనాలు, ఆకలి చచ్చి బరువు తగ్గడం, నెలసరి తప్పడం. ఎయిడ్స్ కరపత్రాల్లో మనం అచ్చేసిన జాబితాలో వీటిలో కొన్ని ఉండనే ఉన్నాయి. ఆ అమ్మాయి కరపత్రం చదివి తన శరీరంతో సరిపోల్చుకుంటుంది.

ఈమెను ఇంకో లాబ్‌కు తీసుకుపోవడం సాయం కాదు. ప్రైవేటు లాబ్‌కు మాత్రం లాభమే, వద్దని వాళ్ళెందుకు చెబుతారు? ఆమె రోజుకు పదిసార్లు ఫోన్ చేసి "నాకేం లేదు కదక్కా" అంటే పదిసార్లూ లేదని చెప్పడం కూడా సాయం కాదు. ఆ జవాబు కూడా ఒక పరీక్ష లాంటిదే, రెండు గంటల్లో దాని బలం అయిపోతుంది. నేను ఆమెతో ఒక ఒప్పందానికొచ్చాను. రిపోర్టు గురించి ఒక్కసారి వివరంగా కూర్చుని మాట్లాడుకున్నాం. ఏ పరీక్ష దేనికి, ఎన్నాళ్ళకు చేశారు, అది ఏం చెబుతుంది, అన్నీ ఆమె చేతనే రాయించాను. తర్వాత మళ్ళీ అడిగితే "అది మాట్లాడుకున్నాం గదా, ఇవాళ ఏమైంది చెప్పు" అంటాను. మొదట్లో నా మీద అలిగింది. అడగ్గా అడగ్గా ఇంట్లో పెళ్ళిసంబంధాలు చూస్తున్నారనీ, అతను ఎవరికైనా చెబుతాడేమోననీ ఏడ్చింది. మెడ వత్తుకోవడం రోజుకొక్కసారికి తగ్గించింది, ఆ తర్వాత వారానికొకసారికి. వత్తాలనిపించినప్పుడు పావుగంట ఆగి చూడమన్నాను. ఆ పావుగంట చాలా కష్టంగా ఉంటుందట, తర్వాత దానంతటదే తగ్గుతుందట. గ్లాసు మాత్రం ఇంకా వేరుగానే ఉంది.

నిద్రాహారాలు లేకుండా పోయినా, చచ్చిపోవాలన్న మాట నోట వచ్చినా మన మాటలతో సరిపెట్టకూడదు. మానసిక వైద్యుల దగ్గరికి తీసుకుపోవాలి. 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్ 14416 నంబరుకు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, ఖర్చు లేదు. భయం ప్రాణం మీదికి తెస్తుందన్నది ఊరికే అనే మాట కాదు. 2020 ఫిబ్రవరిలో, మన రెండు రాష్ట్రాల్లో ఒక్క కరోనా కేసు కూడా బయటపడక ముందే, చిత్తూరు జిల్లాలో ఒకాయన తనకు ఆ వ్యాధి సోకిందనుకుని ఇంట్లోవాళ్ళకు అంటుతుందన్న భయంతో ప్రాణం తీసుకున్నాడు. ఆయనకు ఆ వ్యాధి లేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. "అంతా నీ భ్రమ" అనడం ఆడవాళ్ళ విషయంలో డాక్టర్లకు మహా తేలిక. 1989లో వెలువడిన అధ్యయనం కోసం మహారాష్ట్రలోని గడ్చిరోలి గ్రామాల్లో రాణి బంగ్, తోటి డాక్టర్లు 650 మంది స్త్రీలను పరీక్షిస్తే 92 శాతం మందికి ఏదో ఒక స్త్రీ వ్యాధి బయటపడింది. వాళ్ళలో చాలామంది అంతకుముందు ఏ డాక్టరుకూ చూపించుకోలేదు. 2005లో వెలువడిన గోవా అధ్యయనం దీనికి వేరే వైపు చూపింది. విక్రం పటేల్ బృందం దాదాపు 2500 మంది స్త్రీలను అడిగి, పరీక్షించి చూస్తే, తెల్లబట్ట ఎక్కువవుతోందన్న ఫిర్యాదుకు అంటువ్యాధుల కంటే మనోవేదన, ఇంట్లో కష్టాలతోనే ఎక్కువ సంబంధం కనబడింది. ఈ రెండింటిలో ఏదో ఒకటే నిజమనుకుంటే మనం దెబ్బతింటాం. ఒకే స్త్రీకి రెండూ ఉండవచ్చు. హెచ్.ఐ.వి. లేదని తేలినంత మాత్రాన సెగ, సవాయి లేనట్టు కాదు. పొత్తికడుపులో నొప్పి, దుర్వాసన, మూత్రంలో మంట ఉంటే లోపలి పరీక్ష చేయించాల్సిందే. అలాగే తెల్లబట్ట అంతా సుఖవ్యాధీ కాదు. నెల మధ్యలో ఎక్కువవడం మామూలే. దురదతో పెరుగులా వచ్చే ఫంగస్ కూడా లైంగిక వ్యాధి కిందికి రాదు. కంపెనీ బాత్రూం వాడినందుకు హెచ్.ఐ.వి. గానీ సవాయి గానీ రాదు. (అసలు "సుఖవ్యాధి" అన్న పేరే నాకు మింగుడుపడదు. మొదటామెకు దక్కిన సుఖమేమిటో నాకింతవరకు అర్థం కాలేదు.)

ఈ తేడాలన్నీ ఆమెకు ఎవరు విడమరిచి చెప్పాలి? ఇది దయ చూపించే విషయం కాదు. 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లోకి వచ్చిన 2017 నాటి హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టం ప్రకారం, అంగీకారం లేకుండా ఎవరికీ ఈ పరీక్ష చేయకూడదు. ఆ అంగీకారంలో పరీక్షకు ముందూ తర్వాతా కౌన్సెలింగ్ కూడా భాగమే. ఫలితం లేదని వచ్చినా ఆ హక్కు ఉంటుంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లోని ఐ.సి.టి.సి. కేంద్రాల్లో పరీక్ష, కౌన్సెలింగ్ రెండూ ఉచితం. 1097కు ఫోన్ చేసి దగ్గర్లోని కేంద్రం కనుక్కోవచ్చు. మొదటామె తిరిగిన అయిదు లాబుల్లో ఒక్కచోట కూడా ఎవరూ ఆమెను కూర్చోబెట్టి మాట్లాడలేదు. కౌంటరు మీద నుంచి కవరు జరిపి "నెగెటివ్" అన్నారంతే. ఆ మాట మంచిదో చెడ్డదో తెలియక బయట మందుల షాపులో అడిగిందట.

అందుకని మన కార్యకర్తలకు నాదొక మనవి. ఎవరైనా రిపోర్టు పట్టుకుని వచ్చి ఇంకా భయంగా ఉందంటే, ముందు ఒక ప్రశ్న అడగండి: "ఈ పరీక్ష తర్వాత కూడా నీకు అతనితో సంబంధం ఉందా? వద్దనగలవా?" జవాబు ఏదన్నదాన్ని బట్టి మన దారి మారుతుంది. ఈ ప్రశ్న ఇంట్లో అత్త వింటుండగా అడగలేం. నాచారంలో మేం ఆదివారం మధ్యాహ్నాలు, కంపెనీ సెలవురోజున, కుట్టు సెంటర్ గదిలో కూర్చుంటున్నాం. మొదటామె అక్కడికి వస్తోంది. భర్త ఇంకా పరీక్షకు రాలేదు. ఈసారి లారీ దిగి వచ్చినప్పుడు అతనితో మాట్లాడటానికి ఆమె తమ్ముడిని, మా సంఘం నుంచి ఇద్దరిని రమ్మని తనే పిలిచింది.