మహేంద్రగిరి యాత్ర
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)

మేము పండితులము కాము. రైల్వేలో గుమాస్తా పని చేసుకొనేవారము. మహేంద్రగిరి వెళ్ళి వచ్చారు కదా, నాలుగు మాటలు చెప్పండని కార్యదర్శిగారు ఆజ్ఞాపించగా నిలుచున్నాము.

శివరాత్రి తిరునాళ్ళ రద్దీ తగ్గిన తరువాత సకుటుంబంగా బయలుదేరాము. బరంపురం నుంచి పర్లాకిమిడికి బస్సు, అక్కడి నుంచి జీపు. ఈ కొండ ఒకప్పుడు మన గంజాం జిల్లాలోనిదే. 1992లో గజపతి జిల్లా ఏర్పడగా అందులో చేరింది. శిఖరం ఎత్తు సుమారు 1,500 మీటర్లు. ఎక్కినకొద్దీ అడవి చిక్కబడి, పట్టపగలే మంచు కమ్మింది.

పైన భీముడు, కుంతి, ధర్మరాజు పేర్లతో రాతి గుడులున్నాయి. భీముని గుడి చిన్నదే గాని, ఆ బండలను చూస్తే భీముడే పేర్చాడని నమ్మబుద్ధి వేస్తుంది. పరశురాముడు ఇక్కడ తపస్సు చేస్తున్నాడని పెద్దల మాట. కళింగాన్ని ఏలిన గంగరాజులకు ఈ కొండమీది గోకర్ణేశ్వరుడే కులదైవము. 11వ శతాబ్దంలో రాజేంద్ర చోళుని సేనలు ఇంతదూరం వచ్చి విజయశాసనం చెక్కించి పోయాయి.

ఇన్ని చూసి దిగి వస్తూ మంచులో దారి తప్పాము. కట్టెలమోపుతో ఒక సవర ముసలమ్మ ఎదురైంది. తెలుగులో అడిగాము, ఒరియాలో అడిగాము, ఆమెకు తెలియలేదు. ఆమె చెప్పినది మాకు తెలియలేదు. చివరకు మోపు దింపి, మా పిల్లవాని చెయ్యి పట్టుకొని జీపు దాకా నడిపించింది. ఆమెకు మంచిమాట చెబుదామంటే ఆమె భాషలో ఒక్క ముక్క రాదు. చేతులు జోడించి ఊరుకున్నాము.

ఆ కొండల సమీపాన పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉంటూ గిడుగు రామమూర్తి పంతులుగారు సవర భాష నేర్చారు, సవరలకు బడులు పెట్టారు, ఆ భాషకు నిఘంటువు కూర్చారు. 1936లో పర్లాకిమిడి ఒడిషాలో కలిసినప్పుడు తెలుగు మీది అభిమానంతో ఊరే విడిచిపోయారు. తన భాషను అంతగా ప్రేమించినవారే పొరుగువాని భాష కూడా నేర్చారన్నమాట.

మన తెలుగు ఇక్కడ ఎవరికీ పట్టదని ఏటేటా ఈ సభలో బాధపడుతున్నాము. ఆ బాధ న్యాయమే; మన పిల్లలకు తెలుగు మనమే నేర్పుకోవాలి. కాని మన ఇరుగుపొరుగుల మాట మనకెంత పట్టింది? వచ్చే శివరాత్రికి మళ్ళీ వెళ్ళాలనుకుంటున్నాము. ఆ లోపల, దారి చూపిన తల్లికి చెప్పదగిన ఒక్క సవర మాట నేర్చుకోవాలని మా పిల్లవాడు పట్టుబట్టాడు. వానితోపాటు మేమూ నేర్చుకుంటాము.

సెలవు.