డబుల్ గ్లేజింగ్ కిటికీ పాడైందా? మొత్తం మార్చాలా, ముక్క మారిస్తే చాలా?

ఇక్కడ ఇంగ్లండ్‌లో చలి మొదలైందంటే చాలు, నాకొచ్చే మెసేజ్‌ల్లో సగం కిటికీల గురించే ఉంటాయి. "అన్నా, రెండు అద్దాల మధ్యలో తేమ చేరింది, ఎంత తుడిచినా పోవట్లేదు." "అన్నా, హ్యాండిల్ గిరగిరా తిరుగుతోంది కానీ కిటికీ తెరుచుకోవట్లేదు." "కిటికీ మూసే ఉంది, అయినా చలిగాలి మెడ మీద కొడుతోంది." సరే, ఈ రోజు ఎపిసోడ్ మొత్తం దీని గురించే.

ముందు నా కథ రెండు ముక్కల్లో చెప్పేస్తా. రెడింగ్‌లో మేము ఒక పాత ఇల్లు కొన్నాం. మొదటి చలికాలం అమ్మ తెనాలి నుంచి వచ్చింది. పొద్దున్నే బెడ్‌రూమ్ కిటికీ చూసి, "ఏంట్రా, ఇంత చలిలో అద్దానికి చెమటలు పట్టాయి?" అంది. నేను కంగారుపడి ఒక కిటికీల కంపెనీకి ఫోన్ చేశా. ఒకాయన వచ్చాడు. కొలతలు తీశాడు, టీ తాగాడు, రెండున్నర గంటలు కూర్చున్నాడు. చివరికి ఏడు కిటికీలూ మార్చాలన్నాడు. 6,800 పౌండ్లు. "ఈ రోజు సంతకం పెడితేనే ఈ రేటు సార్" అన్నాడు. నేను పెన్ను చేతిలోకి తీసుకున్నా, నిజంగా! మా ఆవిడే, "రేపు చెప్తామండీ" అని పంపించేసింది.

ఆ శనివారం ఒక్కో కిటికీ దగ్గర నిలబడి చూశా. రెండింటికి అద్దం పోయింది. ఒకదానికి హ్యాండిల్ పోయింది. రెండింటికి రబ్బరు గట్టిపడింది. మిగతా రెండూ శుభ్రంగా ఉన్నాయి. ఫ్రేములైతే ఏడూ బాగున్నాయి. మొత్తం రిపేరుకి నాకు అయింది 190 పౌండ్లు.

అందుకే ఈ రోజు ఒక్కటే విషయం గుర్తుపెట్టుకోండి. కిటికీ అనేది ఒకే వస్తువు కాదు. అద్దం, రబ్బరు, హ్యాండిల్, లోపలి లాక్, బందులు, నీళ్లు పోయే కన్నాలు, వీటన్నిటినీ పట్టుకునే ఫ్రేమ్. దాదాపు ప్రతిసారీ పాడయ్యేది వీటిలో ఒకటో రెండో. అది ఏదో తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

ముందు తేమ సంగతి. అద్దం మీద తేమ కనిపిస్తే వేలు పెట్టి గీయండి. లోపలి వైపు గీస్తే గీత పడిందా? అది మన గదిలోని ఆవిరి. కిటికీ పాడవలేదు. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా మీద నీటి చుక్కలు పడతాయి చూడండి, అదే ఇది. గదిలో 20 డిగ్రీలు, గాలిలో తేమ 60 శాతం ఉంటే, దాదాపు 12 డిగ్రీల కన్నా చల్లగా ఉన్న దేని మీదైనా నీళ్లు కడతాయి. మనం అన్నం వండుతాం, పప్పు ఉడికిస్తాం, వేడి నీళ్లతో స్నానం చేస్తాం, తడి బట్టలు రేడియేటర్ మీద ఆరేస్తాం. ఆ ఆవిరంతా ఎక్కడికి పోతుంది? అన్నిటికన్నా చల్లగా ఉన్న చోటికి, అంటే అద్దం మీదకి. దీనికి మందు కొత్త కిటికీ కాదు. వంట చేసేటప్పుడు గిన్నె మీద మూత పెట్టండి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయండి. కిటికీ పైన సన్నని గాలి పట్టీ ఉంటుంది, దాన్ని ట్రికిల్ వెంట్ అంటారు. చలి అని చాలామంది దానికి టేపు వేసేస్తారు. దయచేసి తెరిచి ఉంచండి. లేకపోతే గోడ మూలల్లో నల్లటి బూజు మొదలవుతుంది. పిల్లలు, ఆస్తమా ఉన్నవాళ్లు ఉండే ఇంట్లో అది చిన్న విషయం కాదు.

బయటి వైపు గీస్తే గీత పడిందా? అప్పుడు సంతోషించండి. తెల్లవారుజామున బయటి అద్దం మీద మంచు పడుతోందంటే ఇంట్లో వేడి బయటికి పోవట్లేదని అర్థం. ఎండ రాగానే అదే పోతుంది.

ఇటు గీసినా పడలేదు, అటు గీసినా పడలేదు, తేమ మధ్యలో ఉంది. ఇదే అసలు జబ్బు. రెండు అద్దాల మధ్య చుట్టూ ఒక సన్నని పట్టీ ఉంటుంది. దాని లోపల చిన్న చిన్న పూసలు ఉంటాయి. కొత్త షూ డబ్బాలో తేమ పీల్చే ప్యాకెట్ పెడతారు కదా, అలాంటి పని చేసేవే. అంచుల్లో సీలు పాతబడి విడిపోతే బయటి తేమ లోపలికి వస్తుంది. పూసలు పీల్చగలిగినంత పీలుస్తాయి. అవి నిండిపోయాక అద్దం మసకబారుతుంది. కొంతమంది అద్దానికి చిన్న కన్నం పెట్టి ఆరబెడతామని వస్తారు. మసక కొన్నాళ్లు పోవచ్చు. కానీ విడిపోయిన సీలు అతుక్కోదు, మధ్యలో ఆర్గాన్ గ్యాస్ ఉండి ఉంటే అదీ తిరిగి రాదు. నా సలహా, ఆ డబ్బు అటు పెట్టకండి. ఫ్రేమ్ అలాగే ఉంచి, ఆ రెండు అద్దాల జంటని మాత్రం మార్పించండి. దుకాణంలో సీల్డ్ యూనిట్ అని అడగండి, వాళ్లకి అర్థమవుతుంది.

ఇది మనమే చేసుకోవచ్చా? కింది అంతస్తులో, చిన్న కిటికీ అయితే, ఇద్దరుంటే చేసుకోవచ్చు. అద్దం చుట్టూ నాలుగు ప్లాస్టిక్ పట్టీలు ఉంటాయి, వాటిని బీడింగ్ అంటారు. ముందుగా పొడవు పట్టీ తీయాలి, అదీ మధ్యలోంచి మొదలుపెట్టి. గోడకి పుట్టీ పెట్టే బ్లేడ్‌ని సందులో దూర్చి మెల్లగా పైకి లేపితే, పట్టీ వంగి బయటికి వస్తుంది. ఏ పట్టీ ఎక్కడిదో వెనకాల పెన్సిల్‌తో రాసుకోండి. అద్దం కింద, పక్కన చిన్న ప్లాస్టిక్ ముక్కలు కనిపిస్తాయి. వాటిని చెత్త అనుకుని పారేయొద్దు! తీసే ముందు ఫోటో తీసుకోండి, తిరిగి అక్కడే పెట్టాలి. అద్దం బరువుని మోసేది అవే.

కొలతలు మూడు కావాలి: వెడల్పు, ఎత్తు, మందం. మందం అంటే రెండు అద్దాలూ మధ్య ఖాళీ కలిపి. 4 మిల్లీమీటర్ల అద్దం, 20 ఖాళీ, మళ్లీ 4 అద్దం అయితే మొత్తం 28. పాత కిటికీల్లో 20, 24 కూడా ఉంటాయి. బయటికి కనిపించే అద్దాన్ని కొలిచి ఆర్డర్ ఇస్తే తప్పు వస్తుంది, ఎందుకంటే అంచులు బీడింగ్ వెనకాల దాక్కుని ఉంటాయి. బీడింగ్ తీసి, అసలు అద్దాన్నే కొలవండి. తర్వాత బీడింగ్ తిరిగి పెట్టేసుకుని, కొత్తది వచ్చేదాకా పాత అద్దంతోనే గడపండి. ఇంకొకటి, కిటికీ అద్దం నేల నుంచి 800 మిల్లీమీటర్ల లోపల ఉంటే, తలుపుల్లో అయితే 1,500 లోపల ఉంటే, సేఫ్టీ గ్లాస్ వేయాలి. పగిలినా కత్తుల్లా గుచ్చుకోకూడదు కాబట్టి. ఆర్డర్ ఇచ్చేటప్పుడు ఆ మాట తప్పకుండా చెప్పండి.

ఇక హ్యాండిల్. హ్యాండిల్ వదులై ఊగుతోందా, తాళం పట్టట్లేదా? చాలాసార్లు హ్యాండిల్ మారిస్తే సరిపోతుంది. రెండు స్క్రూలు, అంతే. వెనకాల చదరపు చువ్వ ఒకటి ఉంటుంది, మామూలుగా 7 మిల్లీమీటర్ల మందం. దాని పొడవు కొలిచి అదే పొడవుది కొనండి. పొడవు ఎక్కువైతే హ్యాండిల్ సరిగ్గా కూర్చోదు, తక్కువైతే లోపల పట్టుకోదు. ఎడమ, కుడి కూడా చూసుకోండి.

కొత్త హ్యాండిల్ పెట్టినా గిరగిరా తిరుగుతోందంటే, కిటికీ రెక్క అంచులో దాగి ఉండే లాక్ గేరు అరిగిపోయింది. కిటికీ తెరుచుకుని ఉంటే దాన్ని విప్పి, పాతది తీసుకెళ్లి అలాంటిదే తెచ్చుకోవచ్చు. మూసిన స్థితిలో ఇరుక్కుపోతే బలం చూపించకండి, ఫ్రేమ్ పగులుతుంది. దానికి తాళాలు బాగుచేసేవాళ్లని పిలవండి. కానీ వాయిదా మాత్రం వేయకండి. అది మేడ మీద బెడ్‌రూమ్ కిటికీ అయితే, మెట్ల దగ్గర మంటలు వచ్చిన రోజు మీకున్న రెండో దారి అదే. మా ఇంట్లో పాడైన హ్యాండిల్ అమ్మ పడుకున్న గదిదే. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

మూడోది, చలిగాలి. ఒక కాగితం ముక్క కిటికీ రెక్కకీ ఫ్రేమ్‌కీ మధ్య పెట్టి మూసి తాళం వేయండి. ఇప్పుడు లాగండి. బిగుతుగా ఉంటే ఆ చోట బాగున్నట్టు. వెన్నలోంచి లాగినట్టు జారి వచ్చేస్తే రబ్బరు పోయినట్టు, లేదా లాక్ గట్టిగా లాగట్లేదు. చాలా కిటికీల్లో రెక్క అంచున గుండ్రటి బొడిపెలు ఉంటాయి. అలెన్ కీతో వాటిని కొంచెం తిప్పితే రెక్క ఫ్రేమ్‌కి దగ్గరగా వస్తుంది. ముందు ఇది చేయండి, రూపాయి ఖర్చు లేదు. అప్పటికీ గాలి వస్తే రబ్బరు మార్చండి. పాత రబ్బరు చిన్న ముక్క కోసి, అదే ఆకారం ఉన్నది తెప్పించండి. వేసేటప్పుడు లాగి సాగదీయొద్దు. సాగిన రబ్బరు కొన్నాళ్లకి కుంచించుకుపోయి మూలల్లో సందు వస్తుంది.

నాలుగోది, కిటికీ కింద నీళ్లు. వాన పడ్డప్పుడు ఫ్రేమ్‌లోకి కొంచెం నీరు రావడం మామూలే. అది బయటికి పోవడానికి కింద కన్నాలు పెట్టి ఉంటారు. దుమ్ము, నాచు, చచ్చిన పురుగులు చేరి అవి మూసుకుపోతాయి. అప్పుడు నీళ్లు ఇంట్లోకి వస్తాయి. సన్నని పుల్లతో గుచ్చి, ఒక గ్లాసు నీళ్లు మెల్లగా పోయండి. బయట కారితే పని అయిపోయింది. చాలామంది చేసే తప్పేంటంటే, నీళ్లు వస్తున్నాయని ఆ కన్నాలకే సిలికాన్ పూసేస్తారు. ఇంటి డ్రైనేజీకి సిమెంట్ వేసినట్టే అది! హైదరాబాద్ ఫ్లాట్లలో ఉన్నవాళ్లూ వినండి, మీ యూపీవీసీ స్లైడింగ్ కిటికీ ట్రాక్‌లో కూడా ఈ కన్నాలే ఉంటాయి. వానాకాలం ముందు ఒకసారి శుభ్రం చేసుకోండి.

ఐదోది, రెక్క కిందికి జారి ఫ్రేమ్‌కి గీసుకోవడం. బందుల్లో దుమ్ము చేరిందేమో, స్క్రూలు వదులయ్యాయేమో ముందు చూడండి. బందు వంగిపోతే జత మొత్తం మార్చాలి, ఒక్కటి మారిస్తే బరువు సమానంగా పడదు. కింది అంతస్తు అయితే ఇద్దరు కలిసి ప్రయత్నించండి. మేడ మీద అయితే మాత్రం వద్దు. రెక్క మీరనుకున్న దానికన్నా చాలా బరువు, చెయ్యి జారితే కింద నడిచేవాళ్ల మీద పడుతుంది. వంద పౌండ్లు మిగుల్చుకోవడానికి చేసే పని కాదు అది.

ఇప్పుడు అద్దె ఇళ్లలో ఉన్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీకు ఒక మాట. పైన చెప్పిన వాటిలో తేమ తుడవడం, గాలి ఆడనివ్వడం, కన్నాలు శుభ్రం చేయడం వరకే మీ పని. స్క్రూడ్రైవర్ పట్టుకోవద్దు. ఇంగ్లండ్‌లో మామూలు అద్దె ఒప్పందాలకి 1985 నాటి ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ చట్టం, సెక్షన్ 11 ఉంది. ఇంటి నిర్మాణం, బయటి భాగాలు బాగుచేయించాల్సింది ఓనరే. కిటికీలూ అందులోకే వస్తాయి, మీరు పగలగొడితే తప్ప. ఫోన్‌లో చెప్పి ఊరుకోకండి. ఫోటో, తేదీతో ఈమెయిల్ పెట్టండి. "మీరు వంటలు ఎక్కువ చేస్తారు, అందుకే తేమ" అని ఓనర్ అంటే, వేలితో గీసిన వీడియో పంపండి. తేమ రెండు అద్దాల మధ్యలో ఉంటే మీ సాంబారుకీ దానికీ సంబంధం లేదు! ఇల్లు ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్ దగ్గర పేచీ వస్తే ఆ ఈమెయిలే మీకు సాక్ష్యం.

సొంత ఇల్లు ఉన్నవాళ్లకి చివరగా రెండు విషయాలు. ఒకటి, ఉన్న ఫ్రేమ్‌లో అద్దం మాత్రం మారిస్తే మామూలుగా అనుమతుల గొడవ ఉండదు. ఫ్రేమ్‌తో సహా మారిస్తే మాత్రం 2002 నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లో బిల్డింగ్ రెగ్యులేషన్స్ వర్తిస్తాయి. ఫెన్సా లాంటి పథకంలో నమోదైనవాళ్లతో చేయించి సర్టిఫికెట్ తీసుకోండి, లేదంటే కౌన్సిల్‌కి చెప్పి చేయించండి. ఇల్లు అమ్మేటప్పుడు లాయర్లు అడిగే కాగితం అది. రెండోది, ఇంటికొచ్చిన సేల్స్‌మన్ ముందు సంతకం పెట్టి, "14 రోజుల్లో రద్దు చేసుకోవచ్చులే" అని ధీమాగా ఉండకండి. మీ కొలతలకి చేయించే వస్తువులకి ఆ హక్కు అన్నిసార్లూ వర్తించదు.

ఫ్రేమే వంకరపోయిందా, పగిలిందా, చెక్క ఫ్రేమ్ పుచ్చిపోయిందా? అప్పుడు మొత్తం మార్చండి, తప్పు లేదు. కానీ ముందు వేలితో గీయండి, కాగితం పెట్టి లాగండి, గ్లాసు నీళ్లు పోయండి. ఈ మూడు పరీక్షలకీ కలిపి పది నిమిషాలు. ఆ తర్వాత ఎవరైనా ఇంటికొచ్చి పెన్ను చేతిలో పెడితే, మా ఆవిడ చెప్పిన మాటే చెప్పండి: "రేపు చెప్తామండీ."

అంతేనండి ఈ రోజుకి. ఈ వారాంతం మీ కిటికీలు ఒకసారి చూసుకోండి, ముఖ్యంగా అమ్మానాన్నలు, పిల్లలు పడుకునే గదిలోవి తెరుచుకుంటున్నాయో లేదో. మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. జాగ్రత్త, వెచ్చగా ఉండండి. నమస్తే.