రెడ్ డాటా, గ్రీన్ డాటా? ముందు మీ కళ్ళని అడగండి

టెక్సాస్ నుంచి మళ్ళీ మీ ముందుకొచ్చేశాను. తుపాకీ మీద పెట్టే డాట్ సైట్ ఎరుపుది కొనాలా, ఆకుపచ్చది కొనాలా? ఇవాళ ఇదే టాపిక్.

బీజీఎంఐ ఆడేవాళ్ళకి రెడ్ డాట్ అంటే ఏంటో చెప్పక్కర్లేదు. గేమ్‌లో అయితే సెట్టింగ్స్‌లోకి వెళ్ళి రంగు మార్చేస్తాం, నచ్చకపోతే మళ్ళీ మారుస్తాం. రూపాయి ఖర్చు లేదు. నిజం సైట్‌తో అలా కుదరదు. చాలా మోడల్స్‌కి ఒకటే రంగు ఉంటుంది. కొన్నాక ఇక దాంతోనే కాపురం.

ముందు నా తప్పు ఒకటి ఒప్పుకుంటాను. మా ఆఫీసులో ఒక అన్న ఉన్నాడు. గుంటూరాయన, నలభై దాటాయి, ఇక్కడే సిటిజన్. వీకెండ్‌లో ఇద్దరం కలిసి రేంజ్‌కి వెళ్తుంటాం. ఆయన కొత్తగా రెడ్ డాట్ కొన్నాడు. "ఏంట్రా ఇది, చుక్క గుండ్రంగా లేదు, తోకచుక్కలా ఉంది" అన్నాడు. నేనేమో పెద్ద ఎక్స్‌పర్ట్‌లాగా, "పీస్ తేడాగా ఉందన్నా, వెనక్కి పంపించెయ్" అన్నాను. పంపించాడు. రెండోది వచ్చింది. అదీ తోకచుక్కే! "అయితే గ్రీన్ తీసుకో అన్నా, కంటికి అదే బెస్ట్" అన్నాను. అది తెప్పించాడు. కొంచెం నయం, కానీ తోక మాత్రం పోలేదు.

ఈ కథ ఎలా ముగిసిందో తర్వాత చెప్తాను. ముందు ఈ సైట్ ఎలా పనిచేస్తుందో చూద్దాం.

సినిమాల్లో హీరో గుండె మీద ఎర్ర చుక్క పడుతుంది చూశారా? అది లేజర్. డాట్ సైట్ అది కాదు. ఇందులో ఒక చిన్న ఎల్‌ఈడీ ముందున్న అద్దం మీదికి వెలుగు వేస్తుంది. ఆ అద్దం మీద ఉండే ప్రత్యేకమైన పూత ఆ ఒక్క రంగునే ఎక్కువగా వెనక్కి, అంటే మన కంటి వైపు తిప్పుతుంది. మిగతా వెలుగంతా దాదాపు అలాగే లోపలికి వచ్చేస్తుంది. అందుకే అవతల టార్గెట్, దాని మీద చుక్క రెండూ కనిపిస్తాయి. ఆ చుక్క మన కంటిలోనే తప్ప టార్గెట్ మీద పడదు.

మరి మొదట్నించీ ఎరుపే ఎందుకు? స్వీడన్‌కి చెందిన ఎయిమ్‌పాయింట్ 1975లో మొదటి ఎలక్ట్రానిక్ రెడ్ డాట్ సైట్ తెచ్చింది. అప్పటికి బాగా పనిచేసే ఎల్‌ఈడీ అంటే ఎరుపే. మంచి వెలుగున్న గ్రీన్ ఎల్‌ఈడీలు 1990లలో గానీ రాలేదు. ఇంకో విషయం బ్యాటరీ. ఎరుపు ఎల్‌ఈడీకి సుమారు 2 వోల్టులు చాలు, ఆకుపచ్చకి 3 వోల్టుల దాకా కావాలి. ఈ సైట్లలో ఎక్కువగా వాడే 2032 నాణెం బ్యాటరీ ఇచ్చేదే 3 వోల్టులు. అందుకే బ్యాటరీ లైఫ్‌లో సాధారణంగా ఎరుపుదే పైచేయి.

ఇక గ్రీన్‌కి ఉన్న బలం చూద్దాం. పగటి వెలుగులో మన కన్ను ఎక్కువగా పట్టుకునేది 555 నానోమీటర్ల దగ్గరి రంగు. అంటే ఆకుపచ్చే. 650 దగ్గరుండే ఎరుపుని అందులో పదో వంతే పట్టుకుంటుంది. కాబట్టి ఎండలో గ్రీన్ తేలిగ్గా కనిపిస్తుంది, నిజమే. కానీ ఎరుపు సైట్‌లో బ్రైట్‌నెస్ రెండు మెట్లు పెంచితే ఆ తేడా చాలావరకు సర్దుకుంటుంది.

వెనకాల ఏముందనేది కూడా చూడాలి. పచ్చటి చెట్ల ముందు గ్రీన్ చుక్క కలిసిపోతుంది. ఇటుక గోడ, రాలే కాలపు ఎర్రాకుల ముందు రెడ్ కలిసిపోతుంది. రేంజ్‌లో తగిలిన చోట మెరిసే పసుపుపచ్చ రంగు తేలే కాగితపు టార్గెట్లు ఉంటాయి. నాలుగు దెబ్బలు పడ్డాక వాటి మీద గ్రీన్ చుక్క ఎక్కడుందో వెతుక్కోవాలి! చీకట్లో మాత్రం ఎరుపుకి ఒక లాభం ఉంది. చీకటికి అలవాటు పడిన కంటిని అది తక్కువగా చెదరగొడుతుంది. ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగ్గా తెలియని కలర్ బ్లైండ్‌నెస్ ఉంటే ఈ లెక్కలన్నీ పక్కన పెట్టండి. మీకు ఏది స్పష్టంగా కనిపిస్తే అదే మీ రంగు.

ఇప్పుడు అన్న కథకి వద్దాం. ఒకరోజు విసుగొచ్చి ఫోన్ తీసి, సైట్ వెనకాల కెమెరా పెట్టి ఫోటో కొట్టాను. ఫోటోలో చుక్క గుండ్రంగా ఉంది, ముత్యంలా! మూడింటిలో తేడా ఏ సైట్‌లోనూ లేదు, అన్న కంటిలో ఉంది. డాక్టర్ దగ్గరికి వెళ్తే ఆస్టిగ్మాటిజం అన్నారు. మనవాళ్ళ భాషలో సిలిండర్ పవర్. తుపాకీకి సైట్ కొనబోయి, తన కళ్ళకి సైట్ ఉందని తెలుసుకున్నాడు! నవ్వాం గానీ, తర్వాత ఆయనన్న మాట విని నా నవ్వు ఆగిపోయింది. "ఒరేయ్, రాత్రి డ్రైవింగ్‌లో ఎదుటి కార్ల లైట్లు కూడా ఇలాగే పగిలి కనిపిస్తాయి. అందరికీ అంతేనేమో అనుకున్నా" అన్నాడు. పిల్లల్ని వెనక కూర్చోబెట్టుకుని ఎన్నేళ్ళు అలా నడిపాడో! ఇప్పుడు కళ్ళజోడు పెట్టుకున్నాడు. మళ్ళీ రెడ్ డాటే వాడుతున్నాడు. గ్రీన్‌ది డబ్బాలో ఉంది.

కాబట్టి కొనేముందు ఇలా చెయ్యండి. షాపులో సైట్‌ని తుపాకీ మీద లేకుండా, విడిగా చేతిలోకి తీసుకోండి. బ్రైట్‌నెస్ బాగా తగ్గించండి, ఎక్కువ పెడితే మంచి కంటికి కూడా చుక్క చెదురుతుంది. రెండు కళ్ళూ తెరిచి, చుక్కని కాకుండా దూరంగా ఉన్న వస్తువుని చూడండి. తోక కనిపిస్తే సైట్‌ని మెల్లగా పక్కకి తిప్పండి. సైట్‌తోపాటు తోక కూడా తిరిగితే లోపం సైట్‌ది. తోక కదలకుండా అలాగే ఉంటే లోపం మీ కంటిది. ఆ తర్వాత ఫోన్‌తో ఒక ఫోటో తీసుకోండి, డౌట్ తీరిపోతుంది. ఎరుపు, ఆకుపచ్చ రెండూ ఇలా చూశాకే డబ్బులు తీయండి.

ఇక్కడ చదువుకుంటున్న తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి ఒక ముఖ్యమైన మాట. ఎఫ్-1, హెచ్-1బీ లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ, బుల్లెట్లు గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. ఫ్రెండ్ పిలిచాడని రేంజ్‌కి వెళ్ళి అద్దె గన్ చేతిలోకి తీసుకున్నా చిక్కుల్లో పడొచ్చు. ముందు లాయర్‌ని అడగండి. ఒక సెల్ఫీ కోసం వీసా పోగొట్టుకోకండి.

హైదరాబాద్‌లో, వైజాగ్‌లో ఎయిర్ రైఫిల్ నేర్చుకునేవాళ్ళు డాట్ సైట్ కొనకండి. మన గగన్ నారంగ్ 2012 లండన్‌లో కాంస్యం గెలిచిన 10 మీటర్ల ఈవెంట్‌లో ఇలాంటి చుక్కలకి అనుమతే లేదు.

చివరగా ఒక్క పని చెయ్యండి. మీరు ఏ సైటూ కొనకపోయినా పర్లేదు. ఈ రాత్రి వీధి దీపం వైపు ఒకసారి చూడండి. గీతలు గీతలుగా పగిలి కనిపిస్తే రేపే కళ్ళ డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. నాన్నగారిని కూడా అడిగి చూడండి, రాత్రిపూట బండి నడిపేది ఆయనే కదా. మళ్ళీ కలుద్దాం, ఉంటాను మరి.