పెత్తనం లేని సమాజం: ఒక ఆలోచన నడిచిన దారి



ఇవాళ మనం ఎవరి స్మృతిలో కూడామో ఆ పెద్దాయన జీవితమంతా సంఘాల్లో పనిచేశారు. ఏ సంఘంలోనూ ఒక విడతకు మించి పదవిలో ఉండలేదు. అందుకే ఈ ఉపన్యాసానికి అరాచకవాద చరిత్రను ఎంచుకున్నాను. పెత్తందారు లేకుండా మనుషులు కలిసి పనిచేయగలరా అన్నదే ఆ వాదం వేసిన ప్రశ్న.

1872లో క్రొపోట్కిన్ అనే రష్యన్ రాకుమారుడు స్విట్జర్లాండులోని జూరా కొండలకు, గడియారాల పనివాళ్ళ మధ్యకు వెళ్ళాడు. అక్కడివి చిన్న చిన్న పనిశాలలు. యంత్రాల రొద ఉండదు కాబట్టి చేతులు పనిలో ఉన్నా చర్చ సాగేది. సోన్విలియే అనే ఊళ్ళో సమావేశం జరిగిన రోజు మంచు తుపాను. అయినా ఏభై మంది దాకా వచ్చారు. ఎక్కువమంది వయసు మళ్ళినవాళ్ళే, కొందరు ఏడు మైళ్ళు నడిచి వచ్చారు. నాయకుడి మాటకు తలూపడానికి వచ్చినవాళ్ళు కారు, తమ మాట చెప్పడానికి వచ్చారు. ఆ కొండలు దిగేసరికి క్రొపోట్కిన్ అరాచకవాది అయ్యాడు.

ఆ ఏడాది సెప్టెంబరులోనే హేగ్ మహాసభ అరాచకవాది బకూనిన్‌ను ఇంటర్నేషనల్ అనే అంతర్జాతీయ కార్మిక సంఘం నుంచి బహిష్కరించింది. కార్మికులు రాజ్యాధికారం చేపట్టాలన్నది మార్క్స్ పక్షం. కుర్చీలో మనిషి మారినా కింద ఉన్నవాడు కిందే ఉంటాడన్నది బకూనిన్ పక్షం. ఈ తగవు ఆనాటితో తీరలేదు.

విప్లవానంతర రష్యాలో, 1921 ఫిబ్రవరిలో క్రొపోట్కిన్ చనిపోయాడు. మాస్కో జైళ్ళలో ఉన్న కొందరు అరాచకవాదులను అంత్యక్రియల కోసం విడిచిపెట్టారు. వాళ్ళు ఇచ్చిన మాట తప్పకుండా తిరిగి జైలుకే వెళ్ళారు. మరుసటి నెలలో క్రోన్‌స్టాట్ నావికుల తిరుగుబాటును విప్లవ ప్రభుత్వమే అణచివేసింది.

ఈ పరిణామాలను దగ్గరగా చూసిన మన దక్షిణాది మనిషి ఒకరున్నారు. ఎం.పి.టి. ఆచార్య 1887లో మద్రాసులో పుట్టారు. 1920 అక్టోబరులో తాష్కెంట్‌లో భారత కమ్యూనిస్టు పార్టీని స్థాపించినవారిలో ఒకరు. తోటి స్థాపకుడు ఎం.ఎన్. రాయ్‌తో పొసగక పార్టీకి దూరమై, బెర్లిన్ చేరి, అరాచకవాదాన్ని తన మార్గం చేసుకున్నారు. 1935లో బొంబాయికి తిరిగివచ్చి, 1954లో చనిపోయేదాకా పేదరికంలోనే రాస్తూ గడిపారు. స్వరాజ్యం వచ్చాక కూడా పెత్తనాన్ని ప్రశ్నించిన ఆయనను మన పాఠ్యపుస్తకాలు పట్టించుకోలేదు.

1936 జులైలో స్పెయిన్‌లోని బార్సెలోనాలో ఈ అరాచకవాద ఆలోచన ఆచరణకు వచ్చింది. సైనిక తిరుగుబాటును వీధుల్లో ఓడించిన కార్మికులు ట్రాములను తామే నడిపారు. వాటికి తమ అరాచకవాద కార్మిక సంఘం రంగులైన ఎరుపు, నలుపు వేశారు. ఆ సంఘంలో నియమం ఒకటే: ప్రతినిధి తనను పంపినవాళ్ళ మాటే పైసభలో చెప్పాలి, చెప్పకపోతే వెనక్కి పిలుస్తారు. కానీ నవంబరులో ఆ సంఘం నుంచే నలుగురు మంత్రులయ్యారు. ఏడాది తిరగకముందే, 1937 ఆగస్టులో, అరాచకవాదులు నడిపిన ఆరగాన్ ప్రాంతీయ మండలిని స్పెయిన్ రిపబ్లిక్ ప్రభుత్వమే సైన్యాన్ని పంపి రద్దుచేసింది. యుద్ధం తరుముతుంటే తీసుకున్న నిర్ణయమే కావచ్చు. అయినా మంత్రి పదవులు వాళ్ళ ఉద్యమాన్ని కాపాడలేకపోయాయి.

మన గడ్డ మీద నాస్తికవాది గోరా ఈ సంప్రదాయానికి చెందినవారు కారు, ఎన్నికల్లో నిలబడ్డారు కూడా. కానీ పార్టీరహిత ప్రజాస్వామ్యం కోరారు. మంత్రులు ఆడంబరాలు మానాలంటూ 1961-62లో సేవాగ్రామ్ నుంచి ఢిల్లీకి పాదయాత్ర చేశారు. ఏలేవాడు ఎవరికి జవాబుదారీ అన్నదే ఆయన ప్రశ్న కూడా.

ఇవాళ్టి సంగతి చూడండి. 1985 నాటి 52వ రాజ్యాంగ సవరణ ప్రకారం, పార్టీ విప్‌ను ధిక్కరించి ఓటేసిన ఎమ్మెల్యే పదవి పోవచ్చు. ఓటర్లకిచ్చిన మాట తప్పితే అయిదేళ్ళూ అడిగే దిక్కు లేదు. బార్సెలోనా కార్మికుల నియమాన్ని మనం సరిగ్గా తలకిందులు చేసుకున్నాం.

రాజ్యం రేపటికి రేపు మాయమవుతుందని నేను చెప్పను. అయితే పెత్తనం అనివార్యమని మాత్రం ఒప్పుకోను. మన యూనియన్, సహకార సంఘం, గ్రంథాలయం మన చేతిలోనే ఉన్నాయి. అక్కడ పదవులు వంతులవారీగా మారాలని పట్టుబట్టండి. పద్దులు అందరి ముందూ చదివించండి. మాట తప్పిన ప్రతినిధిని వెనక్కి పిలిచే నిబంధన రాసుకోండి. గ్రామసభ పెట్టిన రోజున వెళ్ళి నోరు విప్పండి. మన తరఫున ఆలోచించే పనిని ఎవరికీ అప్పగించవద్దని మీ అందరినీ వేడుకుంటున్నాను.