అనుభవము, విశ్వాసము, మైత్రి



ప్రవచనము ముగిసి హారతి అయిన పిమ్మట కొందరు భక్తులు మమ్ము ప్రక్కకు పిలిచి మెల్లగా ఒక ప్రశ్న అడుగుచుందురు. "శాస్త్రిగారూ, మా నాయనగారు పోయిన రాత్రియే ఎక్కడనో దూరమున నున్న నాకు కలలో కనిపించి, వెళ్లివత్తునని చెప్పినారు. తెల్లవారి కబురు వచ్చినది. ఇది నిజమా, నా భ్రమయా? ఇంటిలోని వారే నవ్వుచున్నారు" అని. ఈ ప్రశ్నలో రెండు బాధలు కలవు. తనకు కలిగినది ఏమో తెలియకుండుట ఒకటి. తనవారు తన్ను నమ్మకుండుట రెండవది. రెండవ బాధయే మనుష్యుని ఎక్కువగా కాల్చును. కనుక నేడు ఈ రెంటిని గూర్చియు విన్నవించుకొందుము.

మొదట శాస్త్రమును అడుగుదము. న్యాయశాస్త్రమున ప్రత్యక్షము లౌకికమనియు, అలౌకికమనియు రెండు విధములు. కంటికి, చెవికి అందునది లౌకికము. యోగాభ్యాసబలముచే దూరమున నున్నదియు, గడచినదియు, రానున్నదియు గోచరించుట యోగజమను అలౌకిక ప్రత్యక్షమని నైయాయికులు అంగీకరించిరి. ఇంతవరకు విని, "శాస్త్రమే ఒప్పుకొన్నది గదా" అని సంతోషించువారు కొంచెము ఆగవలెను. వేదప్రామాణ్యమును నిలుపుటకు పాటుపడిన కుమారిలభట్టులవారు తమ శ్లోకవార్తికమున యోగిప్రత్యక్షమును అంగీకరింపలేదు. ఎదుట నున్న వస్తువుతో ఇంద్రియమునకు సంబంధము కలిగినప్పుడే ప్రత్యక్షము. ధర్మము అట్లు కంటికి అందునది కాదు, దానికి వేదమే ప్రమాణము అని వారి పక్షము. "నేను చూచితిని" అను మాటయే ప్రమాణమైనచో, పరస్పర విరుద్ధముగా చూచినవారిలో ఎవరిని నమ్మవలెను? కనుక సందేహించుట నాస్తికుల సొత్తు మాత్రమే కాదు. అది మన శాస్త్రములలోనే పుట్టి పెరిగినది.

మాకు తర్కము చెప్పిన గురువుగారును, మీమాంస చెప్పిన గురువుగారును ఈ విషయమున ఎన్నడును ఏకీభవింపలేదు. పగటివేళ వాదములో ఒకరి మాట ఒకరు ఖండించుకొనెడివారు. సాయంకాలము ఒకే రేవున సంధ్య వార్చి, ఒకే దారిని మాటలాడుకొనుచు ఇండ్లకు మరలెడివారు. గ్రంథములలో లేని పాఠమును మేము ఆ దారిలో వారి వెనుక నడచి నేర్చుకొంటిమి.

ఇక పతంజలి మహర్షి యోగసూత్రములలో విభూతిపాదమని ఒక పాదమునే ఈ శక్తులకు కేటాయించిరి. పరుల చిత్తము నెరుగుట, భూతభవిష్యత్తుల నెరుగుట మొదలగునవి అందు చెప్పబడినవి. అయినను ఇవి లోకవ్యవహారమున సిద్ధులుగా తోచినను, సమాధికి మాత్రము ఆటంకములే యని వారే హెచ్చరించిరి. దారిలో పూలచెట్టు కనిపించుట తప్పు కాదు. దాని క్రిందనే కాపురము పెట్టినచో ఊరు చేరుట లేదు.

ఈ మాటకు మన తెలుగువారితో సంబంధమున్న ఒక వృత్తాంతము నిదర్శనముగా చెప్పుదుము. 1911వ సంవత్సరమున ఫ్రాంక్ హంఫ్రీస్ అను ఆంగ్లేయ యువకుడు పోలీసు ఉద్యోగియై వేలూరికి వచ్చెను. ఆయనకు తెలుగు నేర్పుటకు నరసింహయ్యగారను మునిషీ కుదిరిరి. శిష్యుడు పాఠము కంటె ముందు ఇచ్చట మహాత్ము లెవరైన కలరా యని అడిగెనట. పిమ్మట గురువుగారు కొన్ని ఛాయాచిత్రములను చూపగా, తాను స్వప్నమున చూచినవారు వీరేయని కావ్యకంఠ గణపతిముని చిత్రమును గుర్తించెనట. మరికొంత కాలమునకు ఒక కొండ గుహను, దాని ముందు నిలిచిన ఒక మహాత్ముని కాగితముపై గీసి చూపెను. నరసింహయ్యగారికి అరుణాచలముపై విరూపాక్ష గుహలో నున్న రమణ మహర్షి స్ఫురించిరి. ఆ సంవత్సరము నవంబరు మాసమున గణపతిమునితో కలిసి వారు తిరువణ్ణామలై వెళ్లిరి.

అంతటి చిత్రమైన స్వప్నములు కలిగిన యువకునకు మహర్షి ఏమి బోధించిరి? దూరదర్శన, దూరశ్రవణాది శక్తులపై మనస్సు నిలుపవలదనియు, వాటి కంటె గొప్పదైన శాంతి వాటి యవసరము లేకయే లభించుననియు చెప్పిరి. నీవు కన్న కలలు అబద్ధమని అనలేదు. అవి గొప్పవనియు మెచ్చుకొనలేదు. హంఫ్రీస్ తరువాతి కాలమున ఉద్యోగము విడిచి క్రైస్తవ సన్న్యాసి యయ్యెనని చరిత్రలో కలదు. ఒక మునిషీ, ఒక శాక్తోపాసకుడు, ఒక ఆత్మజ్ఞాని, ఒక క్రైస్తవుడు ఒక కొండపై కలిసికొనిరి. ఆ కలయికకు మతైక్యము అవసరము కాలేదు.

గణపతిముని మన బొబ్బిలి ప్రాంతమున కలువరాయి గ్రామమున 1878లో జన్మించిన మహాపండితులు. 1907లో అరుణాచలమున ఉన్న యువ తపస్వికి "భగవాన్ శ్రీ రమణ మహర్షి" యని పేరిడినది వారే. మంత్రతపస్సు చేత దేశమును ఉద్ధరింపవలెనని వారి సంకల్పము. మహర్షి మార్గము "నేనెవడను" అను విచారణ. మార్గములు వేరు. అయినను మహర్షి వారిని "నాయన" యని పిలిచిరి. 1908లో గణపతిముని చెన్నపట్టణమునకు చేరువనున్న తిరువొత్తియూరున వినాయకుని గుడిలో తపస్సు చేయుచుండగా, మహర్షి లోనికి వచ్చి తమ శిరస్సుపై చేయి ఉంచినట్లు వారికి అనుభవమాయెను. మహర్షి అరుణాచలము విడిచి కదలలేదు. 1929లో మాటల సందర్భమున మహర్షి, ఒకనాడు తాము పరుండియుండగా ఎచ్చటికో కొనిపోబడినట్లును, ఆ చోటు తిరువొత్తియూరని తోచినట్లును, అచ్చట ఒక వినాయకుని గుడిలోనికి వెళ్లినట్లును చెప్పిరి. ఇరువది సంవత్సరములకు పైగా ఆ మాట బయటపడలేదు! ఏమియు జరుగకుండగనే మరునాడే కరపత్రములు పంచు నేటి కాలమున ఈ మౌనమే మాకు ఆ సంఘటన కంటె ఎక్కువ ఆశ్చర్యమును కలిగించుచున్నది.

మహాత్ముల మాట అట్లుండగా, మాబోటి సామాన్యులకును ఇట్టివి కలుగును. మా పదునాలుగవ యేట పాఠశాలలో నిద్రించుచుండగా, ఒక రాత్రి మా తల్లిగారు ముద్దుపేరుతో పిలిచినట్లు స్పష్టముగా వినవచ్చెను. లేచి తలుపు తీసితిమి. ఎవరును లేరు. రెండు దినములకు ఊరినుండి మనిషి వచ్చెను. ఆ రాత్రి ఆ జామునకే అమ్మ పోయినది.

మా వీధిలో నలువది సంవత్సరములు కలిసి మెలసి జీవించిన మిత్రు లొకరుండిరి. బడిలో విజ్ఞానశాస్త్రము చెప్పినవారు, దృఢమైన హేతువాది. ఈ సంగతి విని ఆయన నవ్వలేదు. "శాస్త్రీ, నీవు వింటివనుటలో నాకు సందేహము లేదు. పిలిచినది అమ్మయనుటలోనే సందేహము. ఎన్ని రాత్రులు ఇట్లే పిలుపు విని, ఏమియు జరుగక, మరచిపోయితివో ఎవరు లెక్కపెట్టిరి?" అనెను. యుక్తియుక్తమైన మాట. దానిని ఖండింపగల యుక్తి మా వద్ద లేదు. ఆ పిలుపు అమ్మది కాదని ఒప్పుకొనుటకు మా హృదయమును సిద్ధముగా లేదు. ఆ విషయము అంతటితో నిలిచెను, స్నేహము నిలిచిపోలేదు. ఏటేట మా తల్లిగారి ఆబ్దికమునాడు ఆయన వచ్చి, కర్మ ముగియువరకు వీధి అరుగుపై కూర్చుండెడివారు. "నేను శ్రాద్ధమునకు రాలేదు, నీ కొరకు వచ్చితిని" అనెడివారు.

ఆయనకు అంత్యకాలము సమీపించెను. తనకు ఏ కర్మలును చేయరాదనియు, దేహమును వైద్యకళాశాలకు ఇయ్యవలెననియు ముందే వ్రాసి ఉంచిరి. మాటపడిపోయిన స్థితిలో పెద్దకుమారుడు కన్నీటితో, "బాబాయిగారూ, చెవిలో ఒక్కసారి నారాయణ నామము చెప్పండి. నాన్నగారు ఇప్పుడు వద్దనలేరు గదా" అని ప్రార్థించెను. మా విశ్వాసము చెప్పుమన్నది. చెప్పకున్నచో మిత్రునకు ఉత్తమగతి దూరము చేసినవార మగుదుమా యని మనస్సు కంపించెను. కాని వద్దనలేని స్థితిలో నున్నవానికి వద్దన్నదానిని చేయుట భక్తి యగునా? మేము ఆయన చేతిని పట్టుకొని కూర్చుంటిమి. నామము మా లోపలనే జరిగినది, పెదవి కదలలేదు. ఆయన మాటయు దక్కినది, మా విశ్వాసమును దక్కినది. "తండ్రి వ్రాసినట్లే చేయుము, పితృవాక్య పరిపాలనము రాముడు ఆచరించిన ధర్మమే" యని కుమారునకు చెప్పితిమి. దేహము కళాశాలకు చేరినది. ఆయన వద్దన్నది కర్మలను. నిత్యము సంధ్యవేళ ఆయనను తలచుకొనుటను వద్దని ఎచ్చటను వ్రాయలేదు. దానిని మేము విడువలేదు.

కనుక భక్తులారా, మీకు అట్టి అనుభవము కలిగినచో దానిని గుట్టుగా, గౌరవముగా ఉంచుకొనుడు. దానివలన మీలో దయ పెరిగినదా, అహంకారము తగ్గినదా యని పరీక్షించుకొనుడు. పెరిగినది అహంకారమైనచో, దానికి ఎంత దివ్యమైన పేరు పెట్టినను ప్రయోజనము లేదు. దాని అర్థము చెప్పెదమని ధనము కోరువారి వాకిట నిలువవలదు. స్వరములు మరల మరల వినవచ్చి భయపెట్టుచున్నచో, నిద్రాహారములు చెడుచున్నచో వైద్యుని చూడుడు. అది దైవద్రోహము కాదు.

నమ్మని మిత్రుని మాత్రము విడువవలదు. మన విశ్వాసమునకు అతని అంగీకారము పునాది కాదు, అతని నిరాకరణము గొడ్డలియు కాదు. దేవుని సన్నిధిని వెలుగు దీపము ఎదుటివాని కన్నులు మూసియున్నంత మాత్రమున ఆరిపోదు. కన్నులు తెరువుమని అతని ముఖమునకు దానిని అంటింపబోయినచో, అది దీపారాధన కాదు.

స్వస్తి.