నవ్వించిన మన జిల్లా మనిషి

 

పొద్దంతా చేనులో పనిచేసి వచ్చినారు. అందుకే ఈ రాత్రి ఒక సినిమా నటుడి సంగతి చెబుతాను. కూర్చొని వినండి.

"పాతాళభైరవి" సినిమా మీలో చాలామంది చూసి ఉంటారు. 1951లో వచ్చింది. అందులో నేపాళ మాంత్రికుడు ఉంటాడు. అతని వెంట ఒక శిష్యుడు తిరుగుతుంటాడు. పేరు సదాజపుడు. ఆ వేషం వేసింది పద్మనాభం గారు. ఆయన ఎక్కడివారో తెలుసా? మన కడప జిల్లావారే! పులివెందుల పక్క సింహాద్రిపురం ఆయన ఊరు. 1931 ఆగస్టు 20న పుట్టారు.

సింహాద్రిపురం కూడా మన ఊరి లాంటిదే. వానను నమ్ముకున్న నేల. ఆ ఊరి పిల్లవాడికి నాటకాలంటే ప్రాణం. చిన్న వయసులోనే మద్రాసు చేరారు. ఆ రోజుల్లో తెలుగు సినిమాలు ఎక్కువగా అక్కడే తీసేవారు. పేరున్న నటి కన్నాంబ గారు ఆయనను ఆదరించారు. మొదట అన్నీ చిన్న వేషాలే. అయినా చిన్నతనం అనుకోలేదు. మెల్లమెల్లగా పెద్ద హాస్యనటుడయ్యారు. వందల సినిమాల్లో మనల్ని నవ్వించారు.

తర్వాత సొంతంగా సినిమాలు తీశారు. 1965లో "దేవత" తీశారు. అందులో రామారావు గారు, సావిత్రి గారు నటించారు. 1967లో "శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న" వచ్చింది. ఆ సినిమా కోసం 1966లో ఒక కొత్త కుర్రవాడి చేత పాట పాడించారు. వయసు ఇరవై ఏండ్లు. అంతకుముందు అతని గొంతు ఏ సినిమాలోనూ వినపడలేదు. ఆ కుర్రవాడే ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం. తర్వాత ఆయన వేల పాటలు పాడారు. ఒకప్పుడు పద్మనాభం గారికి ఒకరు దారి చూపినారు. ఆయన ఇంకొకరికి దారి చూపినారు.

1970లో పద్మనాభం గారు "కథానాయిక మొల్ల" అనే సినిమా తీశారు. దర్శకుడూ ఆయనే. మొల్లగా వాణిశ్రీ గారు నటించారు. ఆ సినిమాకు ప్రభుత్వం బంగారు నంది ఇచ్చింది.

ఈ మొల్ల ఎవరు? కొన్ని వందల ఏండ్ల కిందట బతికిన మనిషి. ఊరు బద్వేలు దగ్గరి గోపవరం అని చెబుతారు. కుమ్మరి ఇంటి ఆడబిడ్డ. ఆ కాలంలో అట్లాంటి ఇండ్లలో ఆడబిడ్డకు చదువెందుకు అనేవారు. అయినా ఆమె తెలుగులో రామాయణం రాసింది. నేను పెద్ద చదువులు చదవలేదని తన పుస్తకంలో తానే చెప్పుకుంది. ఆ పుస్తకాన్ని ఈనాటికీ చదువుతున్నారు.

పోయిన వారం మన కేంద్రంలో ఒక అక్క నాతో అనింది: "టీచరమ్మా, సంతకం వచ్చింది గదా. ఇంక చాలు. ఈ వయసులో పుస్తకాలు చదివి ఏం చేయాల?" ఆ రోజు నాకు జవాబు తోచలేదు. ఇంటికి పోయినాక మొల్ల గుర్తుకొచ్చింది.

అక్కా, సంతకం అంటే వాకిలి దాకా వచ్చినట్టు. ఇంట్లోకి రావాలంటే చదవాల. అప్పు పత్రం మీద ఏముందో సంతకం చెప్పదు, చదువు చెబుతుంది. చదవకుండా వదిలేస్తే వచ్చిన అక్షరాలు కూడా మరిచిపోతాం. వాడని కొడవలి తుప్పు పట్టినట్టే.

పద్మనాభం గారికీ కష్టాలు వచ్చినాయి. సినిమాలు తీసి డబ్బు పోగొట్టుకున్నారు. పంట పోయిన రైతుకు ఆ బాధ తెలుసు. అయినా ఆయన నటన మానలేదు. 2010 ఫిబ్రవరి 20న చెన్నైలో చనిపోయారు.

ఇప్పుడు పలకలు తీయండి. "మొల్ల" అని రాయండి. ముందు "మొ". తర్వాత "ల", దాని కింద ల ఒత్తు. రెండే అక్షరాలు. రెండూ మీకు వచ్చినవే. రేపు రాత్రి ఆ అక్కను కూడా పిలుచుకొని రండి. ఆమె చేత మొదటి వాక్యం చదివిద్దాం.