ఇంటిల్లిపాది కలిసి చూడదగిన చిత్రములు

(శతవార్షికోత్సవ కుటుంబ కూటమిలో చేసిన ప్రసంగ పాఠము)



క్రైస్తవ కుటుంబము కలిసి చూడదగిన భక్తి చిత్రములను ఎట్లు ఎన్నుకొనవలెను అను అంశమును నాకు ఇచ్చిరి. శతవార్షికోత్సవములో సినిమాల మాట ఎందుకని పెద్దలలో కొందరికి తోచవచ్చును. మన తాతల కాలములో సినిమాహాలు గడప తొక్కిన విశ్వాసిని సంఘపెద్దలు మందలించెడివారు. ఆ దినములలో సినిమా చూడవలెనంటే బండి కట్టుకొని టౌనుకు పోవలెను. నేడు ఆ హాలు మన చొక్కా జేబులోనికి వచ్చి కూర్చున్నది. కాబట్టి చూడవచ్చునా కూడదా అను ప్రశ్న పాతబడినది. ఏది చూడవలెను, ఎవరితో కూర్చుండి చూడవలెను, చూచిన తరువాత ఏమి చేయవలెను అనునవి నేటి ప్రశ్నలు.

ముందుగా మన ప్రాంతపు వారసత్వమును జ్ఞాపకము చేసికొందము. 1803లో పర్లాకిమిడి ప్రాంతమున పుట్టి 1890లో ప్రభువునందు నిద్రించిన పురుషోత్తమ చౌదరిగారు మనవారి చెవులకు అలవాటైన రాగములలో క్రీస్తు కీర్తనలు కట్టిరి. అక్షరము రాని తల్లులు సహితము వాటిని కంఠస్థము చేసి పొలములో పాడుకొనిరి. ఆ తరువాత బుర్రకథలు వచ్చెను, క్రిస్మస్ నాటకములు వచ్చెను. 1978లో 'కరుణామయుడు' చిత్రము వచ్చెను. దాని దర్శకుడు ఎ. భీంసింగ్, మాటలు వ్రాసినవారు మోదుకూరి జాన్సన్, క్రీస్తు పాత్రధారి విజయచందర్. ఆ చిత్రము ఇతర భారతీయ భాషలలోనికి మార్చబడి, ప్రొజెక్టరుతో గ్రామ గ్రామమునకు తీసికొనిపోబడినది. మరుసటి సంవత్సరము, 1979లో, లూకా సువార్త ఆధారముగా 'జీసస్' అను చిత్రము విదేశములలో తీయబడి, నేటికి రెండు వేలకు మించిన భాషలలోనికి వెళ్లినది.

ఆ గ్రామ ప్రదర్శనలను చూచిన పెద్దలు ఇక్కడ ఉన్నారు. రెండు గెడలకు తెల్లని గుడ్డ కట్టి, జనరేటరు దూరముగా పెట్టి, చాపలమీద ఊరంతయు కూర్చుండెడిది. గుడ్డకు వెనుకవైపునుండి చూచినవారును ఉండిరి. సిలువ ఘట్టము వచ్చినప్పుడు ముసలమ్మలు కొంగుతో కన్నులు తుడుచుకొనెడివారు. అయితే సేవకుడు ఆ యంత్రమును సర్దుకొని ఊరకే వెళ్లిపోలేదు. చిత్రము ముగిసిన తరువాత నాలుగు మాటలు చెప్పి, సువార్త ప్రతులు చేతికిచ్చి, అడిగినవారి ప్రశ్నలకు జవాబు చెప్పెడివాడు. చిత్రము తలుపు తెరచెను. ఇంటిలోనికి నడిపించినది వాక్యమును మనుష్యులును. ఈ సంగతిని మీరు పట్టుకొంటే నేను చెప్పబోవు మిగిలిన మాటలన్నియు సులభముగా బోధపడును.

నేడు నేను గృహదర్శనములకు వెళ్లినప్పుడు మరియొక దృశ్యము చూచుచున్నాను. ఒకే ఇంటిలో నాలుగు ఫోనులు. తల్లి వంటయింటిలో ఒక ప్రసంగము వినుచుండును, కుమారుడు మంచముమీద మరియొకటి చూచుచుండును, చిన్నది మూలను బొమ్మల కథ చూచుచుండును. తండ్రి హైదరాబాదులో కట్టడపు పనిలోనో, వెరావల్ రేవులో వేటలోనో ఉండును. అందరును దేవుని విషయములే చూచుచున్నారు అనుకొందము. అయినను ఎవరు ఏమి చూచిరో రెండవవారికి తెలియదు. ద్వితీయోపదేశకాండము ఆరవ అధ్యాయములో మోషే తల్లిదండ్రులకు ఇచ్చిన ఆజ్ఞను తలంచుడి: ఇంట కూర్చున్నప్పుడును త్రోవను నడుచునప్పుడును దేవుని మాటలను పిల్లలతో మాటలాడవలెననెను. పిల్లలకు వినిపించి ఊరకుండుట మాత్రమే అక్కడి భావము కాదు, వారితో మాటలాడుట. కావున, ఏ చిత్రము చూచిన తరువాత ఇంటివారు ఒకరితోనొకరు మాటలాడి, బైబిలు తెరచుదురో అదియే మనము ఎన్నుకొనదగిన చిత్రము. దీనికి నాలుగు పరీక్షలు చెప్పెదను.

మొదటిది, వయస్సు. పేరులో క్రీస్తు ఉన్నంతమాత్రమున ప్రతి చిత్రమును ప్రతి బిడ్డకు తగదు. 2004లో మెల్ గిబ్సన్ తీసిన 'ద ప్యాషన్ ఆఫ్ ద క్రైస్ట్' చిత్రమును చూడుడి. కొరడా దెబ్బలను మత్తయి, మార్కు, యోహాను ఒక్కొక్క వాక్యములో చెప్పి ముందుకు సాగిరి. చిత్రమో నిమిషముల తరబడి రక్తమును చూపును. అమెరికాలో పదిహేడేండ్లలోపువారు పెద్దలు వెంటలేనిదే ఆ చిత్రమునకు పోరాదని నిర్ణయించిరి. శుభ శుక్రవారము వచ్చినదని ఏడేండ్ల బిడ్డను దాని ముందర కూర్చుండబెట్టిన, ఆ బిడ్డకు రక్షకుని ప్రేమ కాక రాత్రి భయమే మిగులును. మన సెన్సారు బోర్డువారు 2024నుండి యు/ఎ తరగతిని 7, 13, 16 ఏండ్లనుబట్టి మూడుగా విభజించిరి. ఆ అంకెను చూచుట భక్తిహీనత కాదు, తల్లిదండ్రుల బాధ్యత. యూట్యూబులో వచ్చు వాటికి ఆ అంకె సామాన్యముగా ఉండదు గనుక, పెద్దలలో ఒకరు ముందుగా చూచుట మంచిది.

రెండవది, వాక్యముతో సరిపోల్చుట. కల్పన ఉన్నదని చిత్రమును త్రోసివేయ నక్కరలేదు. కల్పన ఎక్కడ ఉన్నదో తెలిసికొనవలెను. 1959లో వచ్చిన 'బెన్ హర్' నాయకుడు బైబిలులో లేడు. అతడు 1880లో లూ వాలెస్ వ్రాసిన నవలలోనివాడు. 2019లో ఆరంభమైన 'ద చోజెన్' ధారావాహికలో పేతురు భార్యకు ఏదెను అని పేరు పెట్టిరి. సువార్తలో పేతురు అత్తకు జ్వరము వచ్చిన సంగతి ఉన్నది గాని భార్య పేరు లేదు. 1998లో వచ్చిన 'ద ప్రిన్స్ ఆఫ్ ఈజిప్ట్' అను బొమ్మల చిత్రములో మోషేను నీటిలోనుండి తీసినది ఫరో భార్య. నిర్గమకాండము రెండవ అధ్యాయములో తీయించినది ఫరో కుమార్తె. అయితే ఆ చిత్రము ఆరంభములోనే, కథలో కొంత స్వేచ్ఛ తీసికొన్నామనియు అసలు వృత్తాంతము నిర్గమకాండములో ఉన్నదనియు తెలియజేసినారు. ఎంత మంచి పద్ధతి! తేడాలు కనిపెట్టుమని పిల్లలకు అప్పగించుడి. ఆదివారపు బడిలో నిద్రపోవు పిల్లవాడు సహితము తప్పు పట్టుటకు బైబిలు తెరచును.

మూడవది, ఆ చిత్రము పొరుగువానిని ఎట్లు చూపుచున్నది? మన ఇంటి గోడకు ఆనుకొని అన్యమత సహోదరుల ఇల్లున్నది. పెండ్లికి వారు మన పందిరి వేయుదురు, చావునకు మనము వారి పాడె మోయుదుము. వారి నమ్మికను ఎగతాళి చేసి మనవారిచేత చప్పట్లు కొట్టించు వీడియోలు ఫోనులలో తిరుగుచున్నవి. మంచి సమరయుని కథ చెప్పిన ప్రభువు పేరున ఆ పని తగదు. 'కరుణామయుడు' చిత్రమునకు అన్యమతస్థులును తమ కళను అర్పించిరి. విజయచందర్‌గారే 1986లో షిర్డీ సాయిబాబా పాత్రను ధరించిరి. దీనివలన మరియొక పాఠమును ఉన్నది: తెరమీది ముఖము నటుని ముఖమే గాని ప్రభువు ముఖము కాదు. సువార్తికులు నలుగురును ఆయన రూపురేఖలను వర్ణింపక విడిచిరి. నటుని ఛాయాచిత్రమునకు దండ వేయుట మనకు తగదు.

నాలుగవది, ఆ చిత్రము ఎటువంటి వాగ్దానము చేయుచున్నది? ప్రార్థన చేసిన వెంటనే ఉద్యోగము, చివరి రీలులో వ్యాధి మాయము, అప్పు తీరి మేడ కట్టుట, ఇవి చూచుటకు ఇంపుగానే ఉండును. అయితే ఆ గదిలోనే కిడ్నీ జబ్బుతో డయాలసిస్‌కు తిరుగుచున్న తండ్రి కూర్చుండవచ్చును. ఉద్దానములో అట్టి ఇండ్లు ఎన్నో మీరెరుగుదురు. "మన విశ్వాసము చాలలేదు కాబోలు" అని ఆ ఇంటి బిడ్డ అనుకొనినయెడల, ఆ చిత్రము వాని విశ్వాసమును కట్టలేదు, పడగొట్టినది. పౌలు మూడుమారులు వేడుకొన్నను ముల్లు తీయబడలేదని రెండవ కొరింథీ పత్రిక చెప్పుచున్నది. శ్రమలో దేవుడు తోడుండునని చూపు చిత్రము మేలు.

ఈ నాలుగు పరీక్షలలో నెగ్గిన చిత్రమునకు ఒక ఉదాహరణ చెప్పెదను. 1981లో వచ్చిన 'చారియట్స్ ఆఫ్ ఫైర్'. ఎరిక్ లిడెల్ అను స్కాట్లండు యువకుడు 1924 పారిస్ ఒలింపిక్స్‌లో నూరు మీటర్ల పందెపు ప్రాథమిక పోటీ ఆదివారమున పడినందున పరుగెత్తనని నిలిచెను. తరువాత నాలుగు వందల మీటర్లలో 47.6 సెకండ్లకు బంగారు పతకము గెలిచెను. ఓడ ఎక్కుచుండగా ఆ సంగతి తెలిసినట్లు చిత్రములో చూపిరి. నిజమునకు ఆయనకు నెలల ముందే తెలియును. కెమెరా అంతగా చూపని భాగము ఇంకను గొప్పది. ఆయన మిషనరీగా చైనాకు వెళ్లి, 1945లో జపానువారి నిర్బంధ శిబిరములో మరణించెను. ఒలింపిక్ పతకమనగానే మన జిల్లా కరణం మల్లీశ్వరిగారు జ్ఞాపకము వత్తురు. సైన్యములో చేరుటకు తెల్లవారకముందే రోడ్లమీద పరుగెత్తు మన కుమారులకు ఈ కథ చెప్పనక్కరలేకయే అర్థమగును. మనకు పరీక్ష ఆదివారము పడిన ఏమి చేయుదుమని వారినే అడుగుడి. ఏకాభిప్రాయము రాకపోయినను ఫరవాలేదు. మాట మొదలైనది గదా.

ఇక ఆచరణ. నెలకు ఒక ఆదివారము సాయంత్రము చాలును. ఫోనులన్నియు ఒక పళ్లెములో పెట్టుడి. టీవీ లేని ఇంటివారిని పిలుచుకొనుడి. పెద్ద చిత్రమైన సగము చూచి ఆపుడి. తరువాత పిల్లలను ముందు మాటలాడనిండి. తండ్రి చివర మాటలాడవలెను. నీకు ఎవరు నచ్చిరి, ఎక్కడ భయము వేసెను, ఇది బైబిలులో ఉన్నదా అను మూడు ప్రశ్నలు చాలును. దూరదేశమున ఉన్న తండ్రి అదే చిత్రము అక్కడ చూచి, ఆ వేళకు ఫోనులో కలిసిన, ఆ రాత్రి కుటుంబ ప్రార్థనకు ఆయనయు ఉన్నట్లే. సంఘములకు ఒక మనవి: గ్రంథాలయపు బీరువాలో పుస్తకములు ఉంచినట్లే, చూచి పరీక్షించిన చిత్రముల పట్టికయొకటి ప్రతి సంఘములో స్త్రీల సమాజమువారును యౌవనస్థులును కలిసి తయారుచేయవలెను.

మన పితరులు దీపపు వెలుతురులో కుటుంబ ప్రార్థన జరిపి ఈ నూరేండ్ల సంఘమును మనకు అప్పగించిరి. వారు ఆ దీపము చుట్టు కూడిరి. మనము తెర చుట్టు కూడినను, తెర ఆరిన తరువాత అక్కడనే కూర్చుండి, ఒకరి ముఖము ఒకరము చూచుకొని, గ్రంథము తెరచుదుము గాక. అట్టి కృపను ప్రభువు మన ప్రతి ఇంటికిని అనుగ్రహించును గాక. ఆమేన్.